చిటపటలాడిన దీపం

ఆ ఆదివారం వెంకటరత్నమ్మ ఎవరి రహస్యమూ పట్టుకోదలచుకోలేదు. పుంగనూరులో ఎరువుల అంగడి మేడ మీదున్న తన ఆఫీసుకు తాళం వేసి, సహాయకురాలు దీపను వెంటబెట్టుకుని మదనపల్లె బస్సు ఎక్కింది. మదనపల్లెలో ఒక పాత పట్టు వ్యాపారి ఇంటిని మ్యూజియం చేశారు. అందులో గూఢచారి సినిమాల్లో వాడిన వస్తువుల ప్రదర్శన జరుగుతోందనీ, ఆ రోజే ఆఖరనీ దీప పేపర్లో చూసింది.

వెంకటరత్నమ్మ యాభై దాటిన మనిషి. డిటెక్టివ్ కాకముందు బస్సు కండక్టరుగా చేసింది. టికెట్ తీసుకోకుండానే తీసుకున్నట్టు కూర్చునేవాళ్ళ మొహాలు చూసీ చూసీ తనకు ఈ విద్య వచ్చిందని చెప్తుంది. తప్పిపోయిన గొలుసులు, పెళ్ళికి ముందు విచారణలు, మాయమైన ఆవులు ఆమెకు వచ్చే కేసులు. దీపది గంగవరం పక్కన పల్లె. తక్కువ మాట్లాడుతుంది, అన్నీ చూస్తుంది. తాను చూసినవే చూసి వెంకటరత్నమ్మ ఇంకేదో ఎలా కనిపెడుతుందో మాత్రం ఆమెకు ఇప్పటికీ అంతుపట్టదు.

“మేడమ్, నిజం గూఢచారులు గూడా ఇట్లాంటివన్నీ వాడతారా?” అని బస్సులో అడిగింది దీప.

“నాకేం తెలుసమ్మా. నాకుండేది ఈ గొడుగొకటే. వానొస్తే అది గూడా తెరుసుకోదు.”

మ్యూజియం గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న కాపలాదారు వచ్చేవాళ్ళ సంచులూ పోయేవాళ్ళ సంచులూ తెరిచి చూస్తున్నాడు. పేరు అంకయ్య. గేటు దాటితే చిన్న ఆవరణ, ఎడమ పక్కన కుళాయి, తర్వాత వసారా. వసారాలో చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల దీపం ఉంది, చెప్పులు ఇక్కడే విడవాలని బోర్డు పెట్టారు.

దీపం వెలుగుతున్నది చెంగయ్య ఫోటో ముందర. కుప్పం నుంచి వడ్రంగి పనికి మద్రాసు స్టూడియోలకు పోయి, సినిమాలకు కావలసిన మాయవస్తువులన్నీ తన చేత్తో చేసిన మనిషి ఆయన. ఆయన పోయాక కొడుకు శివకుమార్ కుప్పం ఇంటి అటక మీది పెట్టెలన్నీ దించి ఈ ప్రదర్శన పెట్టాడు. సాయంత్రం ముంబైలో ఉన్న ఒక పెద్ద మ్యూజియం వాళ్ళ వ్యాను వచ్చి అన్నిటినీ తీసుకుపోతుంది. ఇక అవి శాశ్వతంగా అక్కడే ఉంటాయి.

దీప ఒక్కొక్క వస్తువు ముందూ నిలబడిపోయింది. అడుగు గిన్నెలో వైర్‌లెస్ దాచిన టిఫిన్ క్యారియర్. ముల్లులో కెమెరా కన్ను ఉన్న గోడ గడియారం. తిప్పితే కత్తిగా మారే పిల్లనగ్రోవి. దగ్గరికి పోయి చూస్తే అంతా టేకు చెక్క, రేకు, రంగు. రెండడుగులు వెనక్కి వస్తే మళ్ళీ నమ్మబుద్ధవుతుంది.

“చేసినోడు మొనగాడు,” అంది వెంకటరత్నమ్మ. ఆమె ఒకరిని మెచ్చుకోవడం దీప ఎప్పుడో గానీ వినలేదు.

ఫోటో పక్కనే ఒక గాజుపెట్టెలో నల్లటి బూట్ల జత ఉంది. కుడి బూటు మడమ పక్కకు తిరిగి, లోపల చిన్న అర కనిపిస్తోంది. గూఢచారి అందులో ఫిల్ము దాచుకుని సరిహద్దు దాటతాడు. ‘హీరో గారు ధరించిన రహస్య బూట్లు’ అని కింద అట్ట పెట్టారు. పెట్టె నాలుగు మూలలా ఇత్తడి తామరపూలు. ముందువైపు తాళం కన్నం మీద ప్రారంభం రోజు పూజ చేసి పెట్టిన గంధం కుంకుమల బొట్టు ఎండి పొక్కు కట్టింది. పెట్టె వెనక, మనిషి పట్టేంత ఎడం వదిలి, గోడకు ఒక పాత సినిమా ఫోటో ఉంది. నగల అంగడి సీను. ఆరడుగుల హీరో ఒక గాజుపెట్టె వెనక నిలబడి, ఒక చెయ్యి కింది మూలకు ఆనించి, రెండోది లోపలికి పెడుతున్నాడు.

“ఆ కాలు సూసినావా పాపా, ఎంత సిన్నదో,” అని పక్క నుంచి వినిపించింది. దీపం దగ్గర పీట మీద కూర్చున్న పెద్దావిడ. చెంగయ్య భార్య సుభద్రమ్మ. గిన్నెతో దీపంలో నూనె పోస్తోంది. ఒత్తి నిదానంగా వెలుగుతోంది.

“అవునవ్వా. ఫోటోలో హీరో గారు అంత పొడుగుండారే!”

సుభద్రమ్మ నవ్వి ఊరుకుంది.

అంతలో తెల్ల చొక్కా ఆయన ఒకడు దీపను దాదాపు తోసుకుంటూ వచ్చి పెట్టె మీదికి వంగాడు. బి.కొత్తకోటలో బట్టల అంగడి నడిపే హరినాథ్. పాత సినిమా సామాను సేకరించే పిచ్చి. “అమ్మా, మీ కొడుకుతో ఒక మాట చెప్పమ్మా. ముంబై వాళ్ళకి ఇవి యాల? మనూరి సొత్తు గదా. నాకిస్తే నా అంగట్లో అద్దాల బీరువాలో పెట్టుకుంటా.”

“పంచెల పక్కనా, చీరల పక్కనా?” అంది సుభద్రమ్మ.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హరినాథ్ నవ్వలేదు.

పక్కగదిలోంచి శివకుమార్ గొంతు వినిపించింది. పొగపెట్టె చూపిస్తున్నాం, అందరూ రండి! జనమంతా అటు పరుగెత్తారు. దీప కూడా పోయింది. సూట్‌కేసు మూత తెరవగానే ఢామ్మని మోగి గదంతా తెల్లటి పొగ నిండింది. పిల్లలు కేకలు పెట్టారు. పెద్దవాళ్ళు వాళ్ళకంటే గట్టిగా పెట్టారు.

కళ్ళు తుడుచుకుంటూ దీప మొదటి గదికి వచ్చేసరికి సుభద్రమ్మ వసారాలోంచి లోపలికి వస్తోంది. చేతిలో ఖాళీ పూలబుట్ట ఉంది. వాడిన పూలు పారేసి వచ్చినట్టుంది. పీట మీద కూర్చుని మళ్ళీ నూనె పోసింది. ఈసారి ఒత్తి చిటపటలాడి, ఎగిరి, ఆరిపోబోయింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టి కాపాడింది.

కాసేపటికి శివకుమార్ వచ్చి గాజుపెట్టె మీద ఒక దుప్పటి కప్పాడు. శుభ్రం చెయ్యాలన్నాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

వెంకటరత్నమ్మ, దీప వసారా అరుగు మీద కూర్చుని తెచ్చుకున్న చిత్రాన్నం తినడం ముగించారో లేదో, అంకయ్య వచ్చి ఎదుట నిలబడ్డాడు. లోపలి వైపు ఒకసారి తిరిగి చూసుకున్నాడు.

“అమ్మా, మీరు పుంగనూరు రత్నమ్మ గారు గదా? సోమలలో మా అక్కోళ్ళ పొట్టావు పోతే పట్టిచ్చినారు.”

“ఆ ఆవు బాగుండాదా?”

“ఈనిందమ్మా. నన్ను కాపాడండి. లోపల బూట్లు పోయినాయి. నేనే తీసినానంటాండాడు శివకుమార్ సార్. సాయంత్రం వ్యాను వచ్చేలోపల దొరక్కపోతే పోలీసులకు పట్టిస్తాడంట. జీపు మా ఊర్లోకి వచ్చి నా ఇంటి ముందర నిలబడితే, ఆ తర్వాత నేను తీయలేదని తేలినా ఎవురు నమ్ముతారమ్మా?”

వెంకటరత్నమ్మ డబ్బాలోనే చెయ్యి కడుక్కుని లేచింది.

శివకుమార్ ఆఫీసు గదిలో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. డిటెక్టివ్ అనగానే మొదట విసుక్కున్నాడు. తర్వాత, మనిషికి ఊతం దొరికినట్టు, అన్నీ చెప్పాడు.

“పెట్టె తాళం వేసినట్టే ఉంది మేడమ్. అద్దం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి నా నడుముకుంది, ఒకటి అంకయ్య దగ్గర. పొగపెట్టె దగ్గర నేను అందరి ముందూ ఉన్నాను. ఇంకెవరు తీస్తారు?”

“పొగపెట్టె కాడికి రానోళ్ళు ఎవురు?”

“హరినాథ్. ఆ టైములోనే గబగబా గేటు దగ్గరికి పోయాడట. అతని సంచి చూసింది అంకయ్య ఒక్కడే. ఏమీ లేదన్నాడు. ఇద్దరూ కలిసి చేశారని నా అనుమానం. వీధి చివర బస్సు కోసం నిలబడి ఉంటే హరినాథ్‌ని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టాను.”

“తర్వాత పోయినోళ్ళ సంచులు?”

“నేనే నిలబడి చూశాను. చేతిసంచులు, పిల్లల బ్యాగులు, అన్నీ. గదులన్నీ వెతికాం. లేవు.”

“ప్రారంభం రోజు వేసినాక ఆ తాళం మళ్ళీ తీసినారా?”

“లేదు. పైన అద్దం తుడుస్తాం, అంతే.”

“మీ అమ్మకు తెలుసునా?”

“చెప్పలేదు మేడమ్. ఆమెకు బీపీ. నాయన చేసిన వస్తువు పోయిందంటే తట్టుకోలేదు. దయచేసి మీరూ చెప్పొద్దు.”

హరినాథ్ వెనక గదిలో కుర్చీ మీద బుసలు కొడుతున్నాడు. “నేను ఆ పొగ చిన్నప్పటి నుంచి సినిమాల్లో సూస్తాండా, మళ్ళీ యాల సూడాల? అంగట్లో ఒకే పిలగాడుండాడు, పోదామని బయల్దేరినా. నా సంచిలో పట్టు చీర శాంపిళ్ళు తప్ప ఏముండాయి? కావాలంటే మీరూ సూడండి!”

వెంకటరత్నమ్మ చూడలేదు. “ఎవురన్నా సూపిస్తామంటే నాకు సూడబుద్ధి కాదప్పా,” అని లేచింది.

ఆ తర్వాత ఆమె చేసిన పనులన్నీ దీప దగ్గరుండి చూసింది. దుప్పటి ఎత్తి తాళం కన్నాన్ని చూసింది. ముట్టుకోలేదు. గోడ మీది నగల అంగడి ఫోటో ముందు తల పైకెత్తి చాలాసేపు నిలబడింది. బయటికి వచ్చి కుళాయి కింద తడిసిన నేలను చూసింది. చెప్పుల గుట్ట ముందు నిలబడి, తన చెప్పులెక్కడున్నాయో మరిచిపోయినట్టు అటూ ఇటూ చూసింది. దీపను అడిగి పొద్దుటి నుంచి ఏమేం చూసిందో ఒక్కటొక్కటే చెప్పించుకుంది. ఆఖరున సుభద్రమ్మ పక్కన చతికిలబడింది.

“పెద్దమ్మా, ఇందాక దీపం చిటపటమనిందంట. నూనె మంచిదేనా?”

“నూనెకేమమ్మా, మా కుప్పంలో గానుగ కాడ నిలబడి పట్టిచ్చిన నువ్వుల నూనె. దాంట్లో కల్తీ ఉండాదంటే నన్ను కొట్టినట్టే.”

“అట్నే అనుకున్నా,” అంది వెంకటరత్నమ్మ.

గేటు మూసేశారు. చూడవచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. వెంకటరత్నమ్మ అందరినీ మొదటి గదికి రమ్మంది. హరినాథ్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. అంకయ్య గడప దగ్గరే ఆగిపోయాడు.

“అమ్మెందుకు మేడమ్?” అన్నాడు శివకుమార్ చిన్న గొంతుతో.

“దీపం ఆమెది గదా. దీపం సాక్ష్యం చెప్పాల,” అని వెంకటరత్నమ్మ సుభద్రమ్మ వైపు తిరిగింది. “పెద్దమ్మా, ఈ పెట్టెలో బూట్లు పోయినాయి. తాళంచెవి ఉండేది అంకయ్య కాడ కాబట్టి దొంగ అంకయ్యే అంటాండాడు మీ కొడుకు. కాసేపట్లో పోలీసుల్ని పిలుస్తాడంట.”

సుభద్రమ్మ చేతిలోని ఒత్తి కింద పడింది. ఏదో అనబోయింది.

“ముందు నన్ను చెప్పనీ పెద్దమ్మా.” వెంకటరత్నమ్మ దుప్పటి తీసింది. “శివకుమారప్పా, ఈడికి రా. తాళం కన్నం సూడు. ఏముండాది?”

“కుంకుమ బొట్టు.”

“ప్రారంభం రోజు పెట్టింది. గంధం ఎండి గట్టిబడి కన్నాన్ని పూర్తిగా మూసేసింది. తాళంచెవి పెట్టాలంటే అది పగలాల. పగిలిందా?”

శివకుమార్ వంగి చూశాడు. బొట్టు చెక్కు చెదరలేదు. గడప దగ్గరున్న అంకయ్య లోపలికి ఒక అడుగు వేశాడు.

“అంటే తాళంచెవితో ఎవురూ తీయలేదు. అంకయ్య గాదు. అంకయ్యతో కలిసిన హరినాథూ గాదు.”

“అది నేను పొద్దుటి నుంచి చెప్తానే ఉండా,” అన్నాడు హరినాథ్.

“మరి ఎట్లా తీసినారు? జవాబు గోడ మీదుండాది. ఆ ఫోటోలో హీరో చెయ్యి పెడుతున్న గాజుపెట్టె మూలల్లో ఏముండాయి?”

దీప తల పైకెత్తి ఫోటో చూసింది. ఇత్తడి తామరపూలు. పొద్దున ఆ ఫోటోనూ చూసింది, ఈ పెట్టెనూ చూసింది. రెండూ ఒకటేనని తట్టలేదు.

“ఈ పెట్టె బూట్ల కోసం చేసింది గాదు. ఇది గూడా సినిమా సామానే. తాళం ముట్టకుండా నగలు ఎత్తే సీను కోసం చెంగయ్య గారు చేసింది. ఫోటోలో హీరో పెట్టె వెనక నిలబడుకోనుండాడు, సూడు.” ఆమె పెట్టె వెనక్కి పోయి, ఫోటోలో హీరో చెయ్యి ఆనించిన ఎడమ మూల కింది తామరపువ్వును నొక్కింది. వెనక పలక చప్పుడు లేకుండా పక్కకు జరిగింది.

“నాకు ఇది మామూలు పెట్టె అనే తెలుసు,” అన్నాడు శివకుమార్ నిర్ఘాంతపోయి. “అటక మీద ఉంటే దించాను.”

“నువ్వు చిన్నప్పుడు ఆయన మద్రాసులో ఉండె. ఈ పెట్టె గుట్టు తెలిసింది ఆయనకు, ఇంకొకరికి. ఇంక బూట్లు యాడికి పోయినాయి? సంచులన్నీ సూసినారు. గదులన్నీ సూసినారు. చెప్పుల గుట్ట ఎవురన్నా సూసినారా?”

అంకయ్య వసారా వైపు తిరిగి చూశాడు.

“దాచిపెట్టినవి వెతుకుతాండారు మీరు. బూట్లను చెప్పుల్లో పెడితే దాచినట్టు గాదు, విడిచినట్టు. పోయేటప్పుడు తొడుక్కోని పోతే గేటు కాడ ఎవురూ ఆపరు. సంచులు సూస్తారు గానీ కాళ్ళు సూడరు. బుట్టలో వాడిన పూల కింద పెట్టుకోని వసారాలోకి తీసుకుపోయినారు. అంతా బాగానే జరిగింది. కానీ ఆ మనిషి ఒక పని చేయకుండా ఉండలేకపోయింది.” ఆమె గొంతు మెత్తబడింది. “బూట్లు ముట్టుకున్న చేత్తో దీపానికి నూనె పోయలేకపోయింది. కుళాయి కాడికి పోయి చేతులు కడుక్కుంది. తుడుచుకునేంత టైము లేదు. తడి చేతి నీళ్ళు గిన్నె మీది నుంచి కారి దీపంలో పడినాయి. గానుగ నూనె ఊరికే చిటపటమనదు. నీళ్ళు పడితే అంటాది.”

శివకుమార్ తల్లి వైపు చూశాడు. సుభద్రమ్మ తల వంచుకోలేదు. నేరుగా అంకయ్య దగ్గరికి నడిచి, చేతులు జోడించింది.

“నిన్ను అంటారని నాకు తెల్దు నాయనా. తెలిసుంటే నోరు మూసుకోని ఉంటానా? నా ఇంటి వస్తువు నేను తీసుకుంటాండాననుకున్నా. నీ మీద పడతాదని తట్టలేదు.”

“అయ్యో, పెద్దమ్మా, చేతులు దించండి,” అంటూ అంకయ్య వెనక్కి జరిగాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

“యాల తీసినావమ్మా?” అన్నాడు శివకుమార్. “అడిగుంటే...”

“అడిగినా గదరా! అట్ట మీద మాట మార్సమని ఎన్నిసార్లు అడిగినా? హీరో పేరుంటేనే జనం వస్తారంటివి.”

“ఆ బూట్లు హీరోవి గావు,” అంది వెంకటరత్నమ్మ నిదానంగా. “ఆరడుగుల మనిషికి ఆ కాలు పట్టదు. దీపతో మీరే చెప్పినారు పెద్దమ్మా.”

సుభద్రమ్మ ఫోటో వైపు చూసింది. “హీరో తొడుక్కుంటే రెండడుగులకే మడమ ఊడిపోతా ఉండె. ఊడకుండా నడిసే వాటం, వాటిని చేసినాయనకే వచ్చు. అందుకని దగ్గిర నుంచి కాళ్ళు సూపిచ్చే షాట్లన్నీ ఆయనతోనే తీసినారు. అన్ని సినిమాలకు పని చేసినాడు, మొహం ఒక్కదాంట్లో గూడా లేదు. ఉండేవి ఆ కాళ్ళే. అవి గూడా వేరే వాళ్ళ కాళ్ళని రాసి, ముంబైకి పంపిస్తివి. ఇంక ఎప్పుడన్నా ఎవురన్నా మార్చి రాస్తారా? అట్లా పోయేదాని కంటే నా ఇంట్లో ఉంటే మేలనుకున్నా.”

“ఆయన కాళ్ళేనని నమ్మేదెట్లా?” అన్నాడు హరినాథ్. ఎగతాళిగా కాదు. నిజంగా తెలుసుకోవాలని.

సుభద్రమ్మ వసారాలోకి పోయింది. అందరూ వెనకే పోయారు. చెప్పులు ఇప్పుడు కొన్నే మిగిలాయి. గోడ వారగా నల్లటి బూట్లు రెండూ మడమలు సరిగా మూసి, జతగా పెట్టి ఉన్నాయి. ఇంతసేపూ అందరూ వాటిని దాటుకునే తిరిగారు. ఆమె చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి, పాదాలు బూట్లలో పెట్టింది. కాలి వేళ్ళ మీద బరువు వేసి, మడమ నేలకు ఆనీ ఆననట్టు, ఒక భుజం కాస్త వాల్చి నడవసాగింది. వసారా ఈ కొస నుంచి ఆ కొసకు. మళ్ళీ వెనక్కి. మడమ ఊడలేదు.

“కుప్పంలో మా పెరట్లో ఈ నడక నేర్సుకున్నాడు. నేను నవ్వతా ఉంటే, నువ్వు నడువు సూద్దామని నాకూ నేర్పిచ్చినాడు.”

శివకుమార్ ఆ నడకను నోరు తెరిచి చూస్తున్నాడు. ఆ వాలిన భుజం అతనికి తెలుసు. సెలవుల్లో మద్రాసు రైలు దిగి ప్లాట్‌ఫారం మీద తన వైపు అలాగే నడిచి వచ్చేవాడు నాయన.

అతను లోపలికి పోయి అట్ట తిప్పి, వెనకవైపు పెద్ద అక్షరాలతో రాసి తెచ్చాడు. ‘కుప్పం చెంగయ్య చేసి, తొడిగి, నడిచిన బూట్లు.’ తల్లికి చదివి వినిపించాడు.

“ఇవి ఇంట్లోనే ఉంచుకుందామమ్మా. ముంబై వాళ్ళకు నేను చెప్తా.”

“అటక మీద పెట్టుకుంటే ఎవురు సూస్తార్రా? పోనీ. పేరుతో పోతే నాకేం బాధ లేదు.” ఆమె గడప అవతలే బూట్లు విడిచింది. “ముందు ఆ అంకయ్యకు చెప్పాల్సింది చెప్పు.”

శివకుమార్ అంకయ్య ముందుకు పోయి తల వంచాడు. “తప్పయిపోయింది అంకయ్యా. నిన్ను దొంగన్నాను, అందరి ముందే చెప్తున్నా.” అంకయ్య తల ఊపాడు. ఖాకీ చొక్కా సరిచేసుకుని, వ్యాను కోసం గేటు తెరవడానికి వెళ్ళాడు. ఈసారి వెనక్కి తిరిగి చూసుకోలేదు.

శివకుమార్ బూట్లను రెండు చేతులతో ఎత్తి, లోపలికి తెచ్చి, పెట్టెలో పెట్టాడు. దీపం కొడిగట్టబోతోంది. అతను నూనె గిన్నె అందుకోబోయాడు.

“చేతులు కడుక్కోని రా,” అంది సుభద్రమ్మ అలవాటుగా.

“నాయన కాళ్ళమ్మా అవి,” అన్నాడతను.

ఆమె కాసేపు కొడుకునే చూసింది. తర్వాత గిన్నె అతని వైపు జరిపింది. అతను నూనె పోశాడు. ఒత్తి చిటపటలాడలేదు.